ఉచితం

కళ్ళు మూసుకుని ఓ గంట కూర్చోమంటే చాలామందికి అంతకంటే సుఖం ఉండదు. ఆవిడకు మాత్రం అది శిక్ష. ముప్పై మూడేళ్ళుగా కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చోవడమే ఆవిడ ఉద్యోగం మరి. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. అచ్చుకు వెళ్ళే ప్రతి కాగితం ముందు ఆవిడ బల్ల మీదికి వచ్చి, ఎర్రసిరా గీతలు వేయించుకుని గానీ కదలదు. అక్కడ యజమాని మొదలుకుని బైండింగు చేసేవాళ్ళ దాకా అందరికీ ఆవిడ ప్రూఫులక్క. ఫోనెత్తితే తను కూడా "ప్రూఫులక్కని" అనే అంటుంది. సొంత పేరు పెట్టి పిలిచే మనిషి పోయి ఏడాది దాటింది. ఇప్పుడు ఆ కళ్ళకే ఏదో వచ్చింది. మాటలో మొదటి అక్షరం కనిపిస్తుంది, చివరి అక్షరం కనిపిస్తుంది, నడిమి అక్షరం మాత్రం ఎవరో తడి వేలితో రుద్దినట్టు అలుక్కుపోతుంది. కంటి వెనక పొర చూడాలన్నారు డాక్టరు గారు. అందుకే పొద్దున్నే కంటి ఆసుపత్రి నడవాలో, వరసగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో ఒకదానిలో ఆవిడ, పక్కదానిలో తోడు వచ్చిన చెల్లెలు. చుక్కల మందు చేత్తో పట్టుకుని కుర్చీ కుర్చీకీ తిరిగే నర్సమ్మాయి ఆవిడ రెండు కళ్ళల్లోనూ చెరో చుక్క వేసి, దూది చేతిలో పెట్టి, "తెరవకండమ్మా. పాపలు పెద్దవి కావాలి, గంట పడుతుంది. మధ్యలో మళ్ళీ వేస్తాను" అంది. "గంటేనా? నా పాప పెద్దదవడానికి పాతికేళ్ళు పట్టింది" అంది చెల్లెలు. ఆ వరసలో కళ్ళు మూసుకుని కూర్చున్నవాళ్ళందరూ ఒక్కసారి నవ్వారు.

మూసిన రెప్పల మీద ట్యూబులైటు ఎర్రగా పడుతోంది. మందు మంట తగ్గి గొంతులోకి చేదు దిగింది. చూడ్డానికి ఏమీ లేకపోయేసరికి ఆవిడ మనసు అలవాటు ప్రకారం తప్పులు వెతకడం మొదలుపెట్టింది. కింద గుమ్మం దగ్గర బోర్డులో శస్త్రచికిత్సలో "త్స" బదులు "స్త" పడింది, లోపలికి వస్తున్నప్పుడే చూసింది, చెప్పాలా వద్దా అని లిఫ్టు దాకా ఆలోచించింది. కోడిగుడ్డు మీద ఈకలు పీకే బుద్ధి అని అమ్మ తిట్టేది. తిట్టేది గానీ ఆ బుద్ధి చూసి లోపల మురిసిపోయేది కూడా, ఎందుకంటే అమ్మకు చదువు రాదు, ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసిన చేతులవి. పెద్దకూతురు ముందు కూర్చుని బైబిలు చదివి వినిపిస్తుంటే, కథ తెలిసిపోయిన సినిమా చూసినట్టు ముందే నవ్వేసేది, ముందే ఏడ్చేసేది. ఏమ్మా, ఇంకా అక్కడిదాకా రాలేదు కదా అంటే, వస్తుందిగా, తెలుసుగా అనేది. తెలుసుగా. ఆ మాటలో ఉన్న ధీమా, టికెట్టు కొనేసి, సంచి సర్దేసి, బండి కోసం బెంచీ మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నవాళ్ళ ధీమా. అది ఆవిడకు అబ్బలేదు. అమ్మ ముక్కు వచ్చింది, అమ్మ చేతివేళ్ళు వచ్చాయి, మోకాళ్ళ నొప్పులు కూడా వచ్చాయి, ఆ ఒక్కటీ రాలేదు.

ఆఖరి రోజు మధ్యాహ్నం అమ్మ ఎవరితోనూ వెళ్ళొస్తాను అనలేదు, వెళ్తున్నాను అనే అంది. గడప దాటేటప్పుడు ఆ మాట అంటే ఒప్పుకోని మనిషి, అపశకునమని తలుపు దగ్గర నిలబెట్టి "వెళ్ళొస్తా అనవే" అని దిద్దించిన మనిషి. చెల్లెలు మందుల కోసం వెళ్ళింది. గదిలో ఇద్దరే ఉన్నారు. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, పేరు పెట్టి పిలిచి, "నువ్వు వస్తావు కదే?" అని అడిగింది. ఎక్కడికని అడగక్కర్లేదు. వస్తానమ్మా అంటే సరిపోయేది, నాలుగక్షరాలు. పసిపిల్ల కూడా అబద్ధమైనా ఆడి ఆ మాట అనేసేది. ఆవిడ నోట్లోంచి మాత్రం ఏం వచ్చింది? "చూద్దాంలే అమ్మా." చూద్దాం. పెళ్ళికి రమ్మంటే చూద్దాం, చీర బాగుందా అంటే చూద్దాం, సెలవు పెట్టవే అంటే చూద్దాం. అవుననీ కాదనీ కాకుండా తలుపు ఓరగా వేసి పెట్టే మాట. చచ్చిపోతున్న తల్లి మోక్షంలో కలుస్తావా అని అడిగితే కూడా అదే మాట. అమ్మ కళ్ళు మూసుకుంది. సాయంత్రానికి పోయింది. ఆ రోజు నుంచి ఆవిడ బస్సులో ఉన్నా, బల్ల దగ్గర ఉన్నా, అన్నం ముందు కూర్చున్నా ఆ ప్రశ్న పక్కనే ఉంటుంది. జవాబు చెప్పుకోవాలని ఉంది. అమ్మకే చెప్పుకోవాలని ఉంది. కానీ అబద్ధం చెప్పకూడదు కదా. నిజంగా వస్తానో రానో తనకే తెలియనప్పుడు ఏమని చెప్పడం.

నడవా చివర ఎవరో గట్టిగా అడుగుతున్నారు, ఈ చుక్కలు ఉచితమేనా అని. ఉచితమే తాతా అంటోంది నర్సమ్మాయి. ఉచితం. ఆ మాట ఆవిడ చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. చిన్నప్పుడు తెలుగు మాస్టారు బెత్తంతో బల్ల మీద కొడుతూ చెప్పిన అర్థం, ఉచితం అంటే తగినది, అనుచితం అంటే తగనిది, పెద్దల ముందు గట్టిగా మాట్లాడటం అనుచితం, కూర్చో. మాస్టారి అర్థం జుట్టుకు రాసిన నూనెలా బుర్రలోకి ఇంకిపోయింది. ఆ ఏడే చర్చిలో కంఠస్థం పోటీ పెట్టారు. కృపను గురించిన వచనంలో "ఉచితముగా" అన్న మాట వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల దానికి తెలుగు మాస్టారి అర్థమే వేసుకుంది. తగిన విధంగా. అంటే తగినవాళ్ళకు తగినట్టుగా దేవుడు కృప చూపిస్తాడన్నమాట. ఒక్క పొల్లు పోకుండా అప్పజెప్పి మొదటి బహుమతిగా స్టీలు గ్లాసు తెచ్చుకుంది. ఆ రోజు నుంచి తగినదాన్ని కావాలని పడిన పాటు అంతా ఇంతా కాదు. ఆదివారం మానలేదు, ఉపవాసం తప్పలేదు, అత్తగారికి మూడేళ్ళు మంచం మీద సేవ చేసింది, ఎవరింట్లో చావైనా ముందు వెళ్ళి చాపలు పరిచింది. ఇంత చేసినా రాత్రి పడుకునేముందు రోజంతా తిరగేసి చూసుకుంటే ఎక్కడో ఒక తప్పు కనిపించేది. అచ్చుతప్పు లేని పుస్తకం లోకంలో లేదని ఆవిడకు తెలుసు. దిద్దినకొద్దీ దొరుకుతూనే ఉంటాయి.

బజారులో ఉచితానికి ఊరికే అని ఇంకో అర్థం ఉందని తెలియక కాదు. రెండు సబ్బులు కొంటే మూడోది ఉచితం అన్న కరపత్రాలు వందలు దిద్దింది. అది సబ్బుల ఉచితం, ఇది దేవుడి ఉచితం, దేనికదే అనుకుంది. యాభై ఏళ్ళు. నవ్వొస్తుంది తలుచుకుంటే. ఏడుపూ వస్తుంది. మొన్న మూడు వారాల క్రితం పాస్టరు గారు అచ్చుకిచ్చిన చిన్న పుస్తకంలో అదే వచనం వచ్చింది. చదివేవాళ్ళు సబ్బుల ఉచితం అనుకుని పొరబడతారేమోనని ఆవిడ పక్కన ఎర్రసిరాతో రాసింది: "ఇక్కడ 'తగినట్లుగా' అని అర్థం ఇస్తే స్పష్టంగా ఉంటుంది." ప్రూఫు తిరిగి వచ్చింది. పాస్టరు గారు పెన్సిలుతో కింద రాశారు: "అమ్మా, తగినట్లుగా అయితే మనలో ఎవరం మిగలం. ఇది సబ్బుల ఉచితమే. ఇంకా చెప్పాలంటే, రెండు కొనక్కర్లేదు కూడా." ఆవిడ ఆ కాగితం పట్టుకుని ఎంతసేపు కూర్చుందో. యంత్రాలు ఆగి, జనం భోజనాలకు లేచి, మళ్ళీ వచ్చి కూర్చున్నారు. తనకు ఏళ్ళకేళ్ళుగా తెలిసిన వాక్యంలో నడిమి మాట ఒకటి అలుక్కుపోయి ఉందని అప్పటిదాకా తెలియలేదు. తెలిశాక మాత్రం ఒరిగిందేమిటి? అర్థం తెలిసింది, నమ్మకం రాలేదు. ఎవరికైనా ఉచితం కావచ్చు. తన సంగతి వేరు. తను చేసింది పాస్టరు గారికి తెలియదు కదా.

"తెరవండమ్మా, పైకి చూడండి." రెండో విడత చుక్క. నర్సమ్మాయి వేళ్ళు చల్లగా ఉన్నాయి, సబ్బు వాసన వేస్తున్నాయి. తెరిచిన కాస్సేపట్లో నడవా అంతా పాలు ఒలికినట్టు తెల్లగా, మనుషులు అంచులు లేకుండా కనిపించారు. చెల్లెలి ముఖం కూడా ముఖమని తెలుస్తోంది గానీ ముక్కూ కళ్ళూ తెలియడం లేదు. మళ్ళీ మూసుకుంది. ఈసారి మంట ఎక్కువగా ఉంది, మంటతోపాటే ఆ శుభలేఖ వచ్చింది. వస్తుందని తెలుసు. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, అప్పుడింకా అక్షరాలు ఒక్కొక్కటీ చేత్తో ఏరి పేర్చేవాళ్ళు. పేర్చే ఆయన్ని అందరూ కంపోజిటర్ బాబాయి అనేవాళ్ళు. ఒక పెళ్ళి శుభలేఖలో పెళ్ళికూతురి నానమ్మ పోయింది, తాత బతికున్నాడు. బాబాయి సరిగ్గానే పేర్చాడు, నానమ్మ పేరు ముందు కీ.శే. అని, కీర్తిశేషులని. ఆవిడే, అంతా తనకే తెలుసన్నట్టు, ఎర్రసిరాతో బాణం గీసి ఆ రెండక్షరాలనూ పై వరసలోని తాత పేరుకు ఎక్కించి, కింద పొట్టి సంతకం పెట్టింది. కార్డులు అచ్చయ్యాయి, పంచారు కూడా. నాలుగో రోజు ఆ తాతగారే కర్ర పొడుచుకుంటూ ప్రెస్సుకు వచ్చి, "నేను ఎప్పుడు పోయానో కాస్త చెప్తారా నాయనా" అని అడిగాడు. ఆయన ఆ తర్వాత పన్నెండేళ్ళు బతికాడు, అది వేరే సంగతి. ఆ రోజు మాత్రం మగపెళ్ళివాళ్ళు పెళ్ళి ఆపేస్తామన్నంత గొడవ అయింది. యజమాని అందరినీ నిలబెట్టి, ఇది ఎవరి పని అని అడిగాడు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు, ఆవిడ భుజాలు కూడా తడుముకోలేదు, చెక్కబొమ్మలా నిలబడింది. కడుపులో ఏడో నెల బిడ్డ తన్నుతోంది. మొగుడికి పని పోయి ఆరు నెలలు. "నేనేనండి" అంది ఒక గొంతు. బాబాయి. సాయంత్రానికి ఆయన ఉద్యోగం పోయింది. తర్వాత ఆయన దుకాణాల బోర్డులు రాసి బతికాడు. యాభై ఏళ్ళ మనిషి, నిచ్చెన ఎక్కి, రంగు డబ్బా కొక్కేనికి తగిలించుకుని. ఆయన రాసిన బోర్డు ఎక్కడ కనిపించినా ఆవిడ రోడ్డుకు అవతలి పక్కకు దాటేది.

అమ్మ పోయిన నెలకు, ఇక ఉండబట్టలేక వెతుక్కుంటూ ఆయన ఇంటికి వెళ్ళింది. ముప్పై ఏళ్ళ తర్వాత. ఒక్క గది, కిటికీ పక్కన మంచం, దాని మీద ఆయన. చేతులు వణుకుతున్నాయి, చూపు మాత్రం బాగుంది. గుమ్మంలో నిలబడే చెప్పేసింది, కూర్చోమన్నా కూర్చోకుండా, ఆ బాణం గీసింది నేను బాబాయ్ అని. ఆయన నవ్వాడు. "తెలుసులే అమ్మాయ్. ఆ ప్రూఫు అప్పుడు నా దగ్గరే ఉందిగా, కింద నీ సంతకం కూడా ఉంది. ఆ రాత్రి దాంతోనే పొయ్యి రాజేశాం." ఆవిడ లోపలికి వచ్చి మంచం పట్టె పట్టుకుంది. తెలుసా. తెలిసే అన్నాడా. "మరి ఎందుకు బాబాయ్" అంటే, "నువ్వప్పుడు నిండు మనిషివి. ఇంకేం చేస్తాం" అన్నాడు, వాన వస్తే గొడుగు వేశాం అన్నట్టు. ఆయన ఏ ప్రార్థనకూ వెళ్ళే మనిషి కాదు. అయినా "నేనే" అంటూ ముందుకు వచ్చి ఇంకొకరి తప్పు నెత్తిన వేసుకున్నవాడి గురించే కదా తను ప్రతి ఆదివారం పాడేది, ఇన్నేళ్ళు పాడి కూడా అది ఎలా ఉంటుందో ఆ గదిలో ఆ నులకమంచం పట్టెకు ఆనుకున్నప్పుడే తెలిసింది. తెలిసి, ఏం చేసింది? మరుసటి ఆదివారం నుంచి సంచి నింపుకుని వెళ్ళడం మొదలుపెట్టింది. పళ్ళు, దుప్పటి, కాళ్ళకు రాసుకునే తైలం, ఓసారి రేడియో. గది ఊడ్చేది, గిన్నెలు తోమేది. ఆయన కొన్నాళ్ళు చూశాడు. ఒకనాడు చీపురు చేతిలోంచి తీసుకుని, "అమ్మాయ్, నేను నీకిచ్చిందాన్ని నువ్వు వారానికి ఇంత చొప్పున వెనక్కి తెచ్చిస్తున్నావు. నాకొద్దు. నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు. ఆ మాటకు చిన్నబుచ్చుకుని రెండు వారాలు వెళ్ళలేదు. ఇప్పుడు తలుచుకుంటే, తను దేవుడితో చేస్తున్నదీ అదే కదా అనిపించింది. ఆయన ఇస్తుంటే సంచి పట్టుకుని వెనక్కి ఇవ్వడానికి గుమ్మంలో నిలబడటం.

కానీ అలా అనిపించడం వేరు, లోపల నిలబడటం వేరు. చర్చిలో దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలప్పుడు ఒక్కొక్కరు లేచి, నేను రక్షింపబడ్డాను అంటారు. బడ్డాను. జరిగిపోయినట్టు. నిన్న బట్టలు ఉతికాను అన్నంత తేలిగ్గా. కూరగాయల బండి ఆయన అంటాడు, నోరు విప్పితే అబద్ధాలాడే దర్జీ అంటాడు, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల కూడా అంటుంది. ఆవిడ వంతు వస్తే ప్రభువుకు స్తోత్రం అని కూర్చుంటుంది. ఆ ఒక్క క్రియ ఆవిడ నోట పలకదు. పలకాలని ఎంత ఆశో. ఇంటికెళ్ళే దారిలో పెదాలు కదిలించి అని చూసుకుంటుంది, ఎవరూ వినకుండా, వేరేవాళ్ళ నగ పెట్టుకుని అద్దంలో చూసుకున్నట్టు, తీసేస్తుంది. దేవుడి మీద అనుమానం లేదు. ఆయన ఇవ్వగలడు, ఇస్తాడు. అనుమానమంతా పుచ్చుకునే చేతి మీద. ఆ చెయ్యే కదా బాణం గీసింది. ఆ నోరే కదా మూగబోయింది, ఆ నోరే కదా చూద్దాం అంది. ప్రభువా, నాకు తెలియాలి. ఈ డాక్టరు పొర బాగాలేదన్నా సరే, రేపటి నుంచి ఎర్రసిరా పట్టుకోలేనన్నా సరే, చూపు పోతే పోనీ. అమ్మ ఉన్నచోట నాకు చోటు ఉందో లేదో, అది ఒక్కటి తెలియాలి. ఇంకేమీ అడగను.

పక్కన చెల్లెలు ఫోనులో ఎవరికో వంకాయల ధర చెబుతోంది. దాని నోట్లో నువ్వుగింజ నానదు. ఇంట్లో ఏ రహస్యమైనా దానికి చెబితే మధ్యాహ్నానికి వీధి చివరకు చేరుతుంది. అందుకే ఆవిడ దానికి ఏదీ చెప్పదు, ఇదీ చెప్పలేదు. కానీ కళ్ళు మూసుకుని ఉంటే మనిషి ముఖం చూడక్కర్లేదు, అదొక ధైర్యం. ఫోను పెట్టేసిన చప్పుడు విని, దూదితో ముక్కు తుడుచుకుని, ఎవరితోనో అన్నట్టు అంది, "ఆ రోజు అమ్మ నన్నో మాట అడిగిందే."

"వస్తావా అని. తెలుసు."

ఆవిడ మూసిన కళ్ళతోనే చెల్లెలి వైపు తిరిగింది. "నీకెలా తెలుసు?"

"అమ్మే చెప్పింది. నేను మందులు తెచ్చేసరికి నువ్వు బయట పంపు దగ్గర ఉన్నావు. అక్క ఎందుకే అలా ఉంది అంటే, వస్తావా అని అడిగాను, చూద్దాం అంది అని నవ్వింది."

"నవ్విందా?"

"నవ్వక ఏడుస్తుందా? దాని చూద్దాం నాకు కొత్తా అంది. చిన్నప్పుడు నీళ్ళు పోసుకోవడానికి రమ్మన్నా చూద్దాం అనేదానివట నువ్వు, చంకనేసుకుని తీసుకుపోయేదాన్ని అంది. ఆ తర్వాత ఏమందంటే…" చెల్లెలు ఒక్క క్షణం ఆగింది, గుర్తు తెచ్చుకోవడానికి, అంతే, దానికదో పెద్ద మాటని కూడా తెలియదు. "'అయినా అదేమన్నా తన కాళ్ళతో నడిచి రావాలా ఏంటి. తీసుకొచ్చేవాడు తీసుకొస్తాడు' అంది. కాసిని నీళ్ళు అడిగింది. తాగించాను. నిద్రపోయింది."

"ఏడాదయింది. నాకు చెప్పలేదేమే?"

"నువ్వు ఎప్పుడన్నా అడిగావా? నువ్వు దాన్ని మోసుకు తిరుగుతున్నావని నాకేం తెలుసక్కా."

అయితే అమ్మ ఆ ప్రశ్న జవాబు కోసం అడగలేదు. కన్నతల్లి కదా, చూద్దాం అనే నోటిని కన్నది తనే కదా, ఆ నోరు ఏమన్నా, ఏమీ అనలేకపోయినా, చంకనేసుకునేవాడు ఒకడున్నాడని నిశ్చింతగా నీళ్ళు తాగి పడుకుంది. ఇన్నాళ్ళూ తన జవాబు మీద మోక్షం ఆగి ఉందనుకుంది. అదొక గర్వమే, ఎంత బరువైనా గర్వమే. మోసేవాడి మెడ చుట్టూ చెయ్యి వేసుకున్న పిల్ల, తన పట్టు గట్టిగా ఉందా లేదా అని దారంతా బెంగపడితే ఏమిటి లాభం. పట్టుకున్నది ఆయన. వస్తానమ్మా, అంది లోపల. మొదటిసారి. ఆ మాటను వెనక్కి తిప్పి చూడలేదు, వరస సరిపోయిందా, తనకు తగునా అని వెతకలేదు. వస్తానమ్మా. ఎంత రావాలని ఉందో నీకు తెలియదు. నువ్వు పేరు పెట్టి పిలిస్తే వినాలని ఉంది. ఇస్త్రీ వాసన వేసే నీ చీర చెంగులో ముఖం పెట్టుకోవాలని ఉంది. ఇంకా ఎన్నాళ్ళో తెలియదు, కానీ వస్తాను.

రెప్పల కింద నుంచి వెచ్చగా దిగడం మొదలై చెంపల మీదుగా మెడ దాకా కారింది. దూది చాల్లేదు. చెల్లెలు కంగారుగా తన చీర కొంగుతో తుడవబోయింది, కంటికి తగలనివ్వకండి అంటూ నర్సమ్మాయి పరుగెత్తుకొచ్చింది. రెప్ప ఎత్తి టార్చి వేసి చూసి నిట్టూర్చింది. "మందంతా కడిగేశారు కదమ్మా. పాపలు ఇంకా చాలినంత పెద్దవి కాలేదు. మొదటి నుంచి వెయ్యాలి. ఇంకో గంట పడుతుంది."

"ఇంకో గంటా? డాక్టరు గారు వెళ్ళిపోతారేమో" అంది చెల్లెలు.

"ఉంటారులెండి. కాకపోతే మీ వెనక వచ్చినవాళ్ళంతా ముందు వెళ్తారు."

"వెళ్ళనీ అమ్మా" అంది ఆవిడ, తల వెనక్కి వాల్చి. మళ్ళీ చుక్కలు పడ్డాయి, మళ్ళీ మంట పుట్టింది, మళ్ళీ గొంతులోకి చేదు దిగింది. టోకెన్లు పిలుస్తున్నారు, కుర్చీలు ఖాళీ అవుతున్నాయి, కొత్తవాళ్ళు వచ్చి కూర్చుంటున్నారు. చెల్లెలు కాసేపు గొణిగి, కాసేపు ఎవరితోనో మాట్లాడి, చివరికి అక్క భుజం తట్టింది.

"అక్కా, ఏం ఆలోచిస్తున్నావే?"

"ఏం లేదే. ఊరికే కూర్చున్నా."